‘పిక’ అను ఒక జపాను మాట

కొన్ని సంవత్సరముల క్రిందట ఆగస్టు 6వ తేదీన ప్రసారము చేయుటకై హిరోషిమా నగరమును గురించి పదునైదు నిమిషముల కార్యక్రమ మొకటి నేను సిద్ధపరుపవలసి వచ్చినది. అందులో ఒక వృద్ధురాలి కథనము కలదు. బాంబు పడిన నాటికి ఆమె బడిపిల్ల. నాకు అందిన ప్రతి ఇంగ్లీషులోనిది; అందు ఒకేయొక మాట మాత్రము జపాను భాషలోనే విడిచిపెట్టబడియున్నది. ఆ మాట ‘పిక’. దాని ప్రక్కన అర్థము వ్రాసియుండలేదు. మెరుపు అని వ్రాసిన సరిపోవునని తోచి అట్లే వ్రాసితిని. పైకి చదువుకొని చూడగా వాక్యము చప్పబడిపోయినది. ‘తళుక్కున మెరసినది’ అని దిద్దితిని. ఈమారు గదిలోని వారు చిరునవ్వు నవ్విరి. సినిమా తారల విషయమున తప్ప తళుక్కుమనుట మనకు అలవాటు తప్పినది కాబోలు. ఆనాటి నుండి ఈ చిన్న మాటను గురించి దొరకిన దెల్ల చదువుచు వచ్చితిని. అందులో కొంత శ్రోతలతో పంచుకొనుటకే ఈ ప్రసంగము.

ముందుగా ఉచ్చారణ. రెండక్షరములును హ్రస్వములే, ‘పికా’ అని దీర్ఘము తీయరాదు. సంస్కృతమున కోకిలకు పికమని పేరున్నది గాని దానికిని దీనికిని చుట్టరికము లేదు. జపాను భాషలో ‘పిక’ యనగా ఒక్కసారిగా కంటికి తగిలి మాయమగు వెలుగు. మబ్బులో మెరుపు మెరసినను, ఛాయాగ్రాహకుని దీపము వెలిగి ఆరినను, ఎదుటి కిటికీ అద్దముపై ఎండ పడి కన్నుగొట్టినను ఈ మాటయే వాడుదురు.

మనకును ఇట్టి మాటలు కొల్లలు. వ్యాకరణములలో వీనిని అనుకరణ శబ్దము లందురు. గలగల యనునది గాజుల చప్పుడు. చెవి విన్నదానిని నోరు మరల పలుకుచున్నది. మరి తళతళ యనునదేమి? చింతపండుతో తోమిన ఇత్తడి బిందె తళతళలాడును గాని దానినుండి చప్పుడేమియు రాదు. కన్ను చూచినదానిని చెవికి అప్పగించుచున్నాము. జపాను పండితులు ఈ రెంటికిని వేరువేరు పేర్లు పెట్టిరి. ఉన్న చప్పుడును అనుకరించు మాట ‘గియోంగో’. చప్పుడు లేని స్థితిని, కదలికను, కాంతిని శబ్దముగా మార్చి చెప్పు మాట ‘గితైగో’. మొదటి తెగను సామాన్యముగా కతకన లిపిలోను, రెండవ తెగను హిరగన లిపిలోను వ్రాయుదురు. అయితే ఇది గట్టి నియమము కాదు. ఒనో మసహిరో సంపాదకత్వమున 2007లో వెలువడిన నిఘంటువున రెండు తెగలును కలిసి 4,500 పదములున్నవి. భారతదేశపు భాషలన్నిటను ఇట్టి పదములు విరివిగా నుండుట ఈ భూభాగమునకే ఒక లక్షణమని 1969లో ఎమెనో పండితుడు చూపియున్నాడు. కావున ఇంగ్లీషువారికి కలుగునంత ఆశ్చర్యము ఈ విషయమున మనకు కలుగ నక్కరలేదు.

ఇంకొక పోలిక మనవారికి ముచ్చట గొలుపును. మనము మెరుపు ‘తళుక్కుమన్నది’ అందుము. మెరుపునకు నోరు లేదు. అయినను ‘అను’ ధాతువును చేర్చక మనకు తృప్తి లేదు. జపానువారు ‘పికత్’ అను రూపమునకు ‘తొ’ చేర్చి ‘పికత్తొ హికత్త’ అందురు. తళుక్కుమని మెరసినది అని అర్థము. ఈ ‘తొ’ వారి భాషలో ఒకరి మాటను మరియొకరు ఉదహరించునపుడు వచ్చునది. మన ‘అని’ వంటిది. అక్కడను ఇక్కడను మెరుపు మాటలాడుచున్నట్లే చెప్పుచున్నారు. ఇంతమాత్రముచేత రెండు భాషలను అక్కచెల్లెండ్రని చెప్పుటకు వీలులేదు. ఆ ఉత్సాహము కొందరికి కలదు గాని పోలికలన్నియు చుట్టరికములు కావు.

పిక యను మొలక నుండి అనేక రూపములు పుట్టినవి. తకారము వద్ద ఊపిరి బిగబట్టి ‘పికత్’ అనినచో వెలుగు వచ్చుటయు పోవుటయు ఒక్క క్షణములోనే. ‘పికరి’ యనినచో ముగింపు కొంచెము మెత్తన. ‘పికపిక’ యని రెట్టించినచో వెలుగు నిలిచియుండును, లేదా మాటిమాటికి వచ్చును. మన తళుక్కునకును తళతళకును గల భేదమే ఇది. ఇందొక సూక్ష్మము కలదు. ‘పికపిక’ క్రియావిశేషణమై, వెలుగు మినుకుచున్నదని చెప్పునపుడు మొదటి అక్షరము హెచ్చు స్వరములో పలికి తక్కినవి దిగిపోవును. ‘పికపిక జోళ్ళు’ అని విశేషణముగా వచ్చునపుడు ఆ దిగుడు ఉండదు. అక్కడి ఆకాశవాణి వంటి సంస్థయైన ఎన్.హెచ్.కె. తన ప్రకటనకర్తలకై 1943లోనే స్వరనిఘంటువును ప్రకటించినది. ఇట్టి వానిని తప్పు పలికిన ప్రకటనకర్తను అక్కడి శ్రోతలు క్షమించరని ఊహింపవచ్చును. మన శ్రోతలును ఒత్తక్షరముల విషయమున అంతే గదా!

వెలుగు మాటలలో ఏది ఎక్కడ వాడవలెనో తెలియుట పరభాషవారికి కష్టము. నక్షత్రములకు, ఆశతో నిండిన కన్నులకు ‘కిరకిర’. అది మన మిలమిల. అందలి కకారము గకారమైనచో ‘గిరగిర’ యగును. వేసవి సూర్యుని వలె కన్నులు పొడుచు కాంతి, పేరాసతో మండు చూపు. గుండ్రముగా తిరుగుటను చెప్పు మన గిరగిరతో దీనిని కలుపరాదు. పరుషము సరళమైనపుడు వస్తువునకు బరువు, మోటుదనము వచ్చుట ఆ భాషలో పరిపాటి. చిన్న గులకరాయి దొర్లిన ‘కొరొకొరొ’, పెద్ద బండ దొర్లిన ‘గొరొగొరొ’. ఉరుము కూడ గొరొగొరొయే. మనకు చిరుగజ్జెలు కిణకిణ, గుడిగంట గణగణ యనుటలో ఇట్టి వాసన కొంత కలదు. ఇక నూనె పూసినట్టి చర్మపు నిగారింపునకు ‘త్సుయత్సుయ’ యందురు. నల్లని జుట్టును, లేత వంకాయను చూచి మనమనెడి నిగనిగ దానికి సరియైన జోడు. ‘పికపిక’ మాత్రము తోమిన వస్తువునకు, క్రొత్త వస్తువునకు, బట్టతలకు కూడ చెల్లును. ఏప్రిలు నెలలో జపానున బడులు తెరచునపుడు ఒకటవ తరగతిలో చేరు పిల్లలను ‘పికపిక ఒకటవ తరగతివారు’ అని ముద్దుగా పిలుచుట కలదు. 1970ల చివర ఒక బాలల పత్రిక టెలివిజన్ ప్రకటనతో ఈ మాట ఇంటింటికి ప్రాకినది. వీపున క్రొత్త తోలుసంచి, తలపై క్రొత్త టోపీ; పిల్లవాడే తళతళలాడుచున్నాడు. 1996లో పుట్టిన ఆటబొమ్మ పికచూ పేరును ఈ మొలకయే. పిక యనగా విద్యుత్తు మెరుపు, చూ యనగా ఎలుక కూత. మన ఇండ్లలోని పిల్లలకును ఆ పేరు కంఠతా వచ్చును. అందులో ఒక జపాను గితైగో ఉన్నదని వారెరుగరు.

ఈ మాట వయస్సెంత? జపాను భాషలో వెలుగును ‘హికరి’ యందురు, వెలుగుటను ‘హికరు’ అందురు. పికకును హికరికిని సంబంధ మున్నదా? ఉన్నదనియే పండితుల మతము. నేటి జపాను హకారము ఒకప్పుడు పకారముగా నుండెనని ఉఎద కజుతోషి 1898లో వాదించెను. మనకిది వింత కాదు. తెలుగువాని పాలు కన్నడిగునికి హాలు, మన పులి వారి హులి, మన పువ్వు వారి హూవు. కన్నడమున పకారము హకారమైనట్లే జపానునను జరిగినది. అయితే భాష అంతయు మారినను అనుకరణ పదములలో పాతధ్వని చెక్కుచెదరక నిలిచినది. కోడిపిల్ల ‘పియొపియొ’ యని కూయును. ఆ కోడిపిల్ల పేరు మాత్రము ‘హియొకొ’ అయినది. కోడిపిల్ల తన కూతను మార్చుకొనదు గదా! కావున నిఘంటువున గంభీరముగా కూర్చున్న హికరి కంటె పిల్లల నోట ఆడు పికయే పాత ఉచ్చారణకు దగ్గర.

ఇక ‘డొన్’ అను రెండవ మాట. ఇది నిజమైన చప్పుడు: పెద్ద డోలు, ఫిరంగి, బాణసంచా. టోకియో నగరమున 1871 మొదలు 1929 వరకు మధ్యాహ్నము పండ్రెండు గంటలకు ఫిరంగి ప్రేల్చుచుండిరి. జనులు దానికి పెట్టిన పేరు ‘డొన్’. ఆ చప్పుడు విని భోజనమునకు లేచెడివారు.

1945 ఆగస్టు 6, ఉదయము 8 గంటల 15 నిమిషములు. హిరోషిమాపై సుమారు 600 మీటర్ల ఎత్తున అణుబాంబు ప్రేలినది. ఆ సంవత్సరము ముగియునప్పటికి చనిపోయినవారు సుమారు 1,40,000 మంది అని లెక్క. మూడు దినముల తరువాత నాగసాకికిని అదే గతి పట్టినది. ఆ ఆయుధమునకు పేరేమో జనులకు తెలియదు. 7వ తేదీన సైనికాధికారులు చేసిన ప్రకటనలో ‘క్రొత్త రకపు బాంబు’ అని మాత్రమే కలదు. పేరు లేని వస్తువునకు జనులే పేరు పెట్టుకొనిరి. ‘పికడొన్’ అనిరి. తళుక్కు, ధన్. ఏ శాస్త్రజ్ఞుడును, ఏ అధికారియు ఇచ్చిన పేరు కాదది. ఫిరంగికి డొన్ అని పేరు పెట్టిన భాషలో, పసిపిల్లలు ఉరుములు మెరుపులను చెప్పుకొను మాటలతో అల్లిన పేరు.

ఇందు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. అందరును పికడొన్ అనలేదు. నగరము నడుమ నుండి బ్రతికిన వారిలో అనేకులు ‘పిక’ యని మాత్రమే అనిరి. దూరమున, కొండలకావల నున్నవారు ‘పికడొన్’ అనిరి. నగరములోనివారికి వెలుగు జ్ఞాపకమున్నది. ఆపైన ఇల్లు మీద కూలుట, చీకటి, ధూళి జ్ఞాపకమున్నవి. చప్పుడు జ్ఞాపకము లేదు. 1946 ఆగస్టు 31వ తేదీ ‘ది న్యూయార్కర్’ సంచిక నంతయు ఆక్రమించిన జాన్ హెర్సీ వ్యాసమునను ఇదే చెప్పబడినది: హిరోషిమాలో చప్పుడు విన్నట్లు చెప్పినవారు దాదాపు లేరు, ఇరువది మైళ్ళ దూరమున సముద్రముపై పడవలో నున్న ఒక జాలరి మాత్రము వెలుగును చూచెను, ప్రేలుడును వినెను. కావున ఆ నగరమున ఒక మనిషి ఏ మాట వాడినదో వినినచో, ఆ ఉదయము ఆమె ఎచట నిలిచియుండెనో కొంతవరకు ఊహింపవచ్చును.

రేడియోలో పనిచేయువాడను గనుక మరియొక సంగతి చెప్పక ఉండలేను. హిరోషిమా ప్రసారకేంద్రము ప్రేలుడు కేంద్రమునకు సుమారు ఒక కిలోమీటరు దూరమున నుండెను. సిబ్బందిలో అనేకులు మరణించిరి. 8 గంటల 16 నిమిషములకు టోకియోలోని ప్రసారసంస్థ నియంత్రణగదిలో ఒక ఉద్యోగి హిరోషిమా కేంద్రము మూగబోయినదని గమనించెను. వేరొక టెలిఫోను తీగ మీదుగా సంబంధము కలుపుకొన చూచెను, అదియు పలుకలేదు. కొంతసేపటికి రైల్వే తంతివారికి కూడ హిరోషిమాకు ఉత్తరమున తీగ తెగినదని తెలిసినది. రాజధానికి అందిన మొదటి వార్త వార్త కాదు, ఒక కేంద్రము వినబడకపోవుట. మా వృత్తిలో ప్రసారము మధ్య నిశ్శబ్దము వచ్చినచో మొదట యంత్రమును అనుమానింతుము, తరువాత తీగను, ఆపైన నిద్రపోయిన మనిషిని. ఆ టోకియో ఉద్యోగియు అదే వరుసలో అనుమానించియుండును.

వెలుగునకును చప్పుడునకును మధ్య ఎడము ఎంత యుండగలదో 1954లో మరల తెలిసినది. ఆ మార్చి 1వ తేదీ తెల్లవారుజామున బికినీ దీవుల వద్ద అమెరికా జలజనక బాంబును పరీక్షించినది. సుమారు 160 కిలోమీటర్ల దూరమున ‘ఐదవ ఫుకుర్యూ మరు’ అను జపాను చేపల పడవ యుండెను. అందు 23 మంది. పడమట ఆకాశము వెలిగినది. చప్పుడు వచ్చుటకు ఏడెనిమిది నిమిషములు పట్టినది. ధ్వని కిలోమీటరు నడచుటకు సుమారు మూడు సెకనులు పట్టును గనుక లెక్క సరిపోవుచున్నది. అంతసేపును వారు ఆ వెలుగేమిటో తెలియక నిలిచియుండిరి. తరువాత తెల్లని బూడిద కురిసినది. ఆ పడవలోని ప్రధాన రేడియో ఉద్యోగి కుబొయామ అయికిచి ఆ సెప్టెంబరు 23న మరణించెను. ఆయనకు అప్పుడు నలుబది యేండ్లు.

యుద్ధానంతరము ఆక్రమణాధికారులు 1945 సెప్టెంబరులో పత్రికలకు నిబంధనలు విధించిరి. అణుబాంబును గురించి స్వేచ్ఛగా వ్రాయుట కష్టమైనది. జనుల నోటిలో మాత్రము పికడొన్ బ్రతికియే యున్నది. చిత్రకారులైన మరుకి దంపతులు, ఇరి, తోషి, 1950లో వెలువరించిన చిన్న బొమ్మల పుస్తకమునకు ‘పికడొన్’ అనియే పేరు పెట్టిరి. బాంబు పడిన కొలది దినములకే వారు హిరోషిమాకు పోయి చూచినవారు.

అయితే అదే నోటిలో ఆ మాట చేదెక్కినది కూడ. బాధితుల జబ్బునకు ‘పిక విషము’ అని పేరు వచ్చినది. ‘పిక అంటుకొనును’ అని చెప్పి వారి ప్రక్కన కూర్చుండనివారును, వారితో సంబంధము కలుపుకొన నిరాకరించినవారును ఉండిరి. అంటువ్యాధి కానిదానిని అంటువ్యాధి చేసినది ఆ చిన్న మాట. బాధితులకు వైద్యసహాయ మొసగు చట్టము 1957లో గాని రాలేదు. అంతకు ముందేడు, 1956లో, వారు స్థాపించుకొన్న సంఘమునకు 2024లో నోబెల్ శాంతి బహుమానము లభించినది.

ఒకే మొలక బడిపిల్లవాని క్రొత్త జోళ్ళకును, ఈ చావునకును ఎట్లు చెల్లుచున్నదని నేను చాలకాలము తికమకపడితిని. పికపిక యని రెట్టించినపుడు భయము లేదు. ఒంటరిగా ‘పిక’ యనినపుడు, అందును హిరోషిమా మాండలికమున, భయమున్నది. అంతకంటె వివరణ నాకు తోచలేదు. దీని పదును ఎంతటిదో 2008 అక్టోబరులో బయటపడినది. చిమ్‌పొమ్ అను యువ కళాకారుల బృందము విమానపు పొగతో హిరోషిమా ఆకాశముపై ‘పికత్’ అని మూడక్షరములు వ్రాయించినది. శాంతిని మరచిపోయిన తరమును మేలుకొలుపుట తమ ఉద్దేశమని వారు చెప్పుకొనిరి. ఆకాశమున ఆ మాట చూచిన పెద్దలకు అది కళగా కనబడలేదు. ఆక్షేపణలు వచ్చినవి, బృందము క్షమాపణ చెప్పినది, నగరపు ఆధునిక కళా ప్రదర్శనశాలలో జరుగవలసిన వారి ప్రదర్శన ఆగిపోయినది. వారి ఉద్దేశమును నేను శంకింపను. కాని ముందుగా ఆ ఊరి వృద్ధులలో ఒక్కరినైన అడిగియుండవలసినదని నా అభిప్రాయము.

నా కార్యక్రమము సంగతి చెప్పి విరమింతును. ‘తళుక్కు’ మాట కొట్టివేసి ‘పిక’ యనియే ఉంచితిని. రెండు వాక్యములలో అర్థము చెప్పించితిని. అది సరియైనదనియే నేటికిని అనుకొందును. కాని రేడియో నాటకములకు అలవాటుపడినవాడను గనుక ఆ మాట వెంటనే గొప్ప ప్రేలుడు ధ్వనిని వినిపింపవలెనని వ్రాసియుంటిని. ధ్వనుల మిత్రుడు మా భాండారము నుండి మూడు నాలుగు ప్రేలుళ్ళు వెదకి, వానిలో గట్టిదానిని సిద్ధముగా ఉంచెను. వృద్ధురాలి వేషము ధరించు నటీమణి అభ్యాసమునకు కూర్చుండి, కథనమంతయు ఒకమారు మెల్లగా చదువుకొని, “అయ్యా, ఈమె చప్పుడు విన్నట్లు ఎక్కడా చెప్పలేదేమండీ?” అని అడిగినది. ప్రతిని తెచ్చి మొదటినుండి చూచితిని. ఆమె చెప్పినది నిజము. ఆ బడి నగరము నడుమ నున్నది. పిక యన్న మాట తరువాత వాక్యము లేచి నిలుచుండుటకు ప్రయత్నించిన పిల్లను గురించినది. ప్రేలుడు నేను చేర్చినది.

ఆ ధ్వనిని తీసివేసితిమి. దానికై విడిచిన నాలుగు సెకనులలో ఏమి పెట్టవలెనని ధ్వనుల మిత్రుడు అడిగెను. ఏమియు పెట్టవద్దంటిని. నాలుగు సెకనులు మౌనముగా ఉన్నచో కేంద్రము ఆగిపోయినదని శ్రోతలు అనుకొందురని ఆయన భయము. ప్రసారమైన దినమున ఒక పెద్దమనిషి నిజముగానే టెలిఫోను చేసి, నడుమ మీ కేంద్రము కొంచెము సేపు వినబడలేదని చెప్పెను.